తులసీదాస్ బలరాం: అమ్ముగూడ నుంచి ఈస్ట్ బెంగాల్ సారథ్యం దాకా

2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో 86 ఏళ్ల వయసులో తులసీదాస్ బలరాం కన్నుమూశారు. భారత ఫుట్‌బాల్‌లో త్రిమూర్తులుగా పేరుపడిన ముగ్గురిలో చివరివారు ఆయనే. మిగతా ఇద్దరు, పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, 2020లో నెలన్నర లోపే ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. ఆ ఇద్దరి పేర్లు బెంగాల్‌లో ఇంటింటికీ తెలుసు. బలరాం పేరు మాత్రం ఆయన పుట్టిన సికింద్రాబాద్‌లోనే చాలామందికి తెలియదు.

రెండు ఒలింపిక్స్, రెండు ఆసియా క్రీడలు, ఒక ఆసియా స్వర్ణం, ఈస్ట్ బెంగాల్ తరఫున నూటికి పైగా గోల్స్, అర్జున పురస్కారం. ఇవన్నీ ఏడెనిమిదేళ్లలో వచ్చాయి. 27 ఏళ్లకు ఆయన ఆట ఆగిపోయింది. ఎక్కడ పుట్టారు, ఎక్కడికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఎందుకు ఆగిపోయారు అన్న ప్రశ్నలకు జవాబులు వెతికితే, ఒక ఆటగాడి జీవితంతో పాటు, ఒకప్పుడు దేశానికే ఆట నేర్పిన హైదరాబాద్ తన ఆటగాళ్లను ఎలా వదులుకుందో కూడా తెలుస్తుంది.

అమ్ముగూడ కుర్రవాడు

బలరాం 1936లో సికింద్రాబాద్ శివారులోని అమ్ముగూడలో పుట్టారు. బొల్లారం వెళ్లే రైలుమార్గంలో, కంటోన్మెంట్ అంచున ఉన్న ఊరు అది. అప్పటికి హైదరాబాద్ నిజాం పాలనలో ఉంది. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి ప్రాంతాల్లో బ్రిటిష్ సైన్యం మకాం. ఫుట్‌బాల్ ఆ ప్రాంతానికి సైనికుల బూట్లతోనే వచ్చింది. సిపాయిలు సాయంత్రాలు ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూసిన పిల్లలు, వాళ్లు వెళ్లిపోయాక అదే మైదానంలో ఆడేవారు. తెలుగు, తమిళం, ఉర్దూ కలగలిసి వినిపించే ఆ వాడల నుంచి భారత జట్టుకు ఒకరి తర్వాత ఒకరు ఆటగాళ్లు వచ్చారంటే అందుకు పునాది అక్కడే పడింది.

బలరాంది పేద కుటుంబం. కుర్రవాడు చదువుకుని ఉద్యోగం చూసుకుంటే చాలని ఇంట్లోవాళ్లు అనుకునే రోజులు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవారి చేత ఆటకు పనికొచ్చేలా మార్పించుకున్న సంగతి ఆయన పెద్దయ్యాక కూడా చెప్పేవారు. స్థానిక లీగ్‌లో రైడర్స్ క్లబ్ తరఫున ఆడుతున్నప్పుడు ఒక పెద్దమనిషి కంట పడ్డారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాబ్ బడి

రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు. ఆయన చేతిలో ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. దేశంలో మరే జట్టుకూ సాధ్యం కాని వరుస అది. కలకత్తా క్లబ్బులకు డబ్బుంది, జనం ఉన్నారు, పత్రికలు ఉన్నాయి. హైదరాబాద్ పోలీసులకు ఉన్నది రహీం.

అప్పటి భారతీయ ఆట ఎక్కువగా వ్యక్తిగత విన్యాసం. బంతి దొరికినవాడు ఇద్దరు ముగ్గుర్ని తప్పించుకుని వెళ్తే జనం చప్పట్లు కొట్టేవారు. ఆ అలవాటును మాన్పించడానికి రహీం పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం: బంతి అందగానే పాస్ ఇవ్వాలి. మరోదాంట్లో అలవాటైన కాలితో తన్నకూడదు: కుడికాలి వాళ్లు ఎడమకాలితో, ఎడమకాలి వాళ్లు కుడికాలితో ఆడాలి. ఆట అయ్యేసరికి పిల్లలు విసిగిపోయేవారు కానీ, కొన్ని నెలలకు రెండు కాళ్లూ ఒకేలా పనిచేసేవి. తర్వాతి కాలంలో బలరాంను ఎడమ వింగర్‌గా, ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌గా, సెంటర్ ఫార్వర్డ్‌గా ఎక్కడ నిలబెట్టినా ఇమిడిపోయారంటే, దాని వెనక ఈ బడి ఉంది.

రహీం శిబిరానికి రమ్మని పిలిచినప్పుడు, రోజూ అమ్ముగూడ నుంచి నగరంలోకి వచ్చి వెళ్లడానికి డబ్బు లేదని బలరాం చెప్పారు. సైకిల్ ఖర్చు రహీమే చూసుకున్నారు. ఊరవతల నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, సాధన చేసి, మళ్లీ తొక్కుకుంటూ వెళ్లే ఆ కుర్రవాడు ఏడాది తిరిగేసరికి హైదరాబాద్ రాష్ట్ర జట్టులో ఉన్నాడు. 1956-57 సీజన్‌లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో ఆయన సభ్యుడు.

మెల్‌బోర్న్, 1956

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాద్ రాష్ట్రం చరిత్రలో కలిసిపోయింది. మూడు వారాల తర్వాత, నవంబర్ 22న, మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ మొదలయ్యాయి. అక్కడికి వెళ్లిన భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు రహీం. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు జట్టులో ఉన్నారు. వారితో పాటు ఇరవై ఏళ్ల బలరాం కూడా.

నాలుగేళ్ల కిందట హెల్సింకీలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ అవమానం తర్వాతే బూట్లు తప్పనిసరయ్యాయి. మెల్‌బోర్న్‌లో అదే భారత్ క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి స్కోరు 1-4. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3-0తో గెలిచింది. భారత్‌ది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతకుమించి ఇప్పటిదాకా మనం వెళ్లలేదు.

బలరాంకు అది తొలి అంతర్జాతీయ అనుభవం. తిరిగొచ్చాక కొద్దికాలానికే కలకత్తా నుంచి పిలుపు వచ్చింది.

కలకత్తా ఎందుకు?

1950లలో మంచి జట్టు హైదరాబాద్‌లో ఉంది, మంచి బజారు కలకత్తాలో ఉంది. ఈ తేడా అర్థమైతే మిగతా కథ అర్థమవుతుంది.

కలకత్తా ఫుట్‌బాల్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించిన రోజు నుంచి ఆ ఊళ్లో ఫుట్‌బాల్ ఆటను మించిన వ్యవహారం అయింది. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్ తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారి సొంత జట్టు. 1947లో దేశ విభజన తర్వాత లక్షల మంది కాందిశీకులు కలకత్తా చేరారు. ఇల్లు, పొలం, ఊరు పోగొట్టుకున్నవారికి ఆ క్లబ్ పేరులో తమ ఊరు మిగిలి ఉంది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు వారి వాడల్లో పండగ. ఓడిన రోజు పొయ్యి వెలిగేది కాదని చెప్పుకునేవారు.

విచిత్రమేమిటంటే, అంతటి ప్రాంతీయాభిమానం ఉన్న క్లబ్ గెలుపు కోసం దక్షిణాది వైపు చూసింది. క్లబ్ కార్యదర్శి జ్యోతిష్ చంద్ర గుహ ఆటగాళ్లను ఏరడంలో దిట్ట. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలె అనే ఐదుగురు ఫార్వర్డ్‌లు 1949 నుంచి ఈస్ట్ బెంగాల్‌ను ఎదురులేని జట్టుగా నిలబెట్టారు. అందరూ దక్షిణాదివారే. బెంగాలీలు వారికి పెట్టుకున్న పేరు పంచపాండవులు. 1949, 1950, 1951లో వరుసగా మూడుసార్లు ఐఎఫ్ఏ షీల్డ్ ఆ క్లబ్‌కే దక్కింది.

ఆ ఐదుగురి శకం ముగిశాక క్లబ్‌కు కొత్త ఫార్వర్డ్ కావాలి. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1963 దాకా ఆ ఎరుపు, పసుపు చొక్కా ఆయనదే.

ఆట అక్కడ వేరే పద్ధతి. లీగ్ వేసవిలో మొదలై వానాకాలమంతా సాగుతుంది. మైదాన్‌లో చెక్క గ్యాలరీలు, క్లబ్ గుడారాలు, మోకాళ్ల దాకా బురద. హైదరాబాద్‌లో గట్టినేల మీద నేలబారు పాస్‌లతో పెరిగినవాడు ఆ బురదలో బంతిని అదుపు చేయడం కొత్తగా నేర్చుకోవాలి. ఏడాది తిరిగేసరికి 1958 ఐఎఫ్ఏ షీల్డ్ ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 1958-59లో సంతోష్ ట్రోఫీ గెలిచిన బెంగాల్ రాష్ట్ర జట్టులోనూ బలరాం ఉన్నారు. రెండేళ్ల కిందట ఇదే కప్పును హైదరాబాద్‌కు తెచ్చినవారిలో ఒకరు, ఇప్పుడు బెంగాల్‌కు తెచ్చారు.

పేరుకు అమెచ్యూర్

ఇక్కడ కొంచెం ఆగి, అదే కాలంలో మరో దేశంలో ఇలాంటి ఆటగాడి సంగతి చూడాలి.

స్కాట్లాండ్ కూడా హైదరాబాద్ లాంటిదే. చిన్న దేశం, గొప్ప ఆటగాళ్లు, పక్కనే డబ్బున్న ఇంగ్లండ్. 1880ల నుంచే స్కాటిష్ ఆటగాళ్లు ఇంగ్లిష్ క్లబ్బులకు వలసపోయేవారు. ఒకరికొకరు పాస్‌లు ఇచ్చుకుంటూ ఆడే పద్ధతిని ఇంగ్లండ్‌కు నేర్పింది వాళ్లే. ఇంగ్లండ్ 1885లో, స్కాట్లాండ్ 1893లో ఆటగాడికి జీతం ఇవ్వడాన్ని చట్టబద్ధం చేశాయి. అంటే ఆట ఉద్యోగం అయింది.

బలరాం కన్నా మూడు నాలుగేళ్లు చిన్నవాడైన డెనిస్ లా 1940లో స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో పుట్టారు. ఆయనదీ పేద ఇల్లే. పదిహేనేళ్లకే ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ క్లబ్‌లో చేరారు. 1960లో మాంచెస్టర్ సిటీ 55 వేల పౌండ్లకు ఆయన్ను తీసుకుంది. మరుసటి ఏడాది ఇటలీలోని టొరినో 1,10,000 పౌండ్లకు, 1962లో మాంచెస్టర్ యునైటెడ్ 1,15,000 పౌండ్లకు కొన్నాయి. ఈ సొమ్ము ఆటగాడి జేబులోకి కాదు, క్లబ్బుల మధ్యే చేతులు మారేది. ఇంగ్లండ్‌లో ఆటగాడి జీతానికి వారానికి 20 పౌండ్ల గరిష్ఠ పరిమితి 1961 జనవరి దాకా ఉంది. ఆటగాళ్ల సంఘం సమ్మెకు దిగుతామని హెచ్చరించాకే అది తొలగింది. అయినా ఒకటి స్పష్టం: ఆటగాడు ఏం చేస్తున్నాడో, దానికి ఎంత ఇస్తున్నారో, ఒప్పందం ఎన్నాళ్లో రాతపూర్వకంగా ఉండేది. అడగడానికి ఒక సంఘం ఉండేది.

కలకత్తాలో ఆటగాడు పేరుకు అమెచ్యూర్. జీతం అనే మాట ఉండదు. క్లబ్ మెస్సులో బస, భోజనం, ఖర్చుల పేరిట కొంత సొమ్ము, రైల్వేలోనో పోర్టులోనో కంపెనీలోనో ఉద్యోగం. ఏటా సీజన్‌కు ముందు ఆటగాళ్లు క్లబ్ మారే రోజులను బెంగాలీలో దల్‌బదల్ అంటారు. ఆ రోజుల్లో ఆటగాళ్లను ప్రత్యర్థి క్లబ్‌వాళ్ల కంటపడకుండా దాచిపెట్టి, సంతకం పెట్టే రోజున జాగ్రత్తగా ఐఎఫ్ఏ కార్యాలయానికి తీసుకెళ్లిన కథలు కలకత్తాలో కోకొల్లలు. అంత విలువ ఇచ్చిన ఆటగాడికి కాలు విరిగితే, జబ్బు చేస్తే క్లబ్ ఏం చేయాలన్న ఒప్పందం మాత్రం ఉండేది కాదు.

హైదరాబాద్‌లో ఈ మాత్రం కూడా లేదు. పోలీసు జట్టులో చేరితే కానిస్టేబుల్ ఉద్యోగం, తర్వాత ఒకటి రెండు పదోన్నతులు. కాబట్టి మంచి ఆటగాడి ముందు రెండే దారులు: ఖాకీ చొక్కా లేదా కలకత్తా రైలు. బలరాం రెండోది ఎంచుకున్నారు. డెనిస్ లా ఇంగ్లండ్ వెళ్లినంత సహజంగా ఆయన కలకత్తా వెళ్లారు. ఇద్దరి చేతుల్లో ఉన్న భద్రతలోనే తేడా.

రోమ్‌లో రెండు గోల్స్

1958 టోక్యో ఆసియా క్రీడల్లో భారత్ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. 1959లో మలయాలో జరిగిన మెర్డెకా కప్‌లో రెండో స్థానం వచ్చింది. 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు అర్హత దక్కింది. కెప్టెన్ పి.కె. బెనర్జీ, శిక్షకుడు రహీం.

భారత్ పడింది కష్టమైన గ్రూపులో: హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. ఆగస్టు 26న లా అక్విలాలో హంగేరీతో తొలి పోటీ. ఫ్లోరియన్ ఆల్బర్ట్ వంటి ఆటగాళ్లున్న ఆ జట్టే చివరికి కాంస్యం గెలిచింది. భారత్ 0-2తో వెనకబడింది. 79వ నిమిషంలో బలరాం గోల్ కొట్టారు. చివరి పది నిమిషాలు హంగేరీకి ఊపిరాడలేదు. స్కోరు 1-2 దగ్గరే ఆగింది.

మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్‌తో 1-1. పి.కె. గోల్‌తో ఆధిక్యంలో ఉన్న భారత్, చివరి నిమిషాల్లో దాన్ని చేజార్చుకుంది. పెరూతో 1-3 ఓటమి. ఆ ఒక్క గోల్ కూడా బలరాందే. అంటే రోమ్‌లో భారత్ చేసిన మూడు గోల్స్‌లో రెండు ఆయనవి.

ఇక్కడ ఒక వివరం గమనించాలి. అప్పట్లో దేశవాళీ పోటీలు 70 నిమిషాలే సాగేవి. అంతర్జాతీయ పోటీలు 90 నిమిషాలు. డెబ్భై నిమిషాలకు అలవాటుపడ్డ ఊపిరితో తొంభై నిమిషాలు ఆడాలి. చివరి ఇరవై నిమిషాల్లో మనవాళ్లు తేలిపోవడం ఆ తరం అంతా చూసిన దృశ్యం. అలాంటి చోట 79వ నిమిషంలో హంగేరీ మీద గోల్ కొట్టడం చిన్న సంగతి కాదు. భారత జట్టు ఆ తర్వాత మళ్లీ ఒలింపిక్స్ ఆడలేదు.

1961: సారథి

రోమ్ నుంచి వచ్చిన ఏడాదే డ్యూరాండ్ కప్‌ను ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ పంచుకున్నాయి. మరుసటి సీజన్‌కు ఈస్ట్ బెంగాల్ తన సారథిగా బలరాంను ఎంచుకుంది.

ఆ క్లబ్ 1952 తర్వాత కలకత్తా లీగ్ గెలవలేదు. తొమ్మిదేళ్లుగా మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్, పి.కె. బెనర్జీ ఆడిన ఈస్టర్న్ రైల్వే గెలుస్తుంటే కాందిశీకుల వాడలు చూస్తూ కూర్చున్నాయి. 1961లో లీగ్ ఈస్ట్ బెంగాల్‌ది అయింది. కెప్టెన్ 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా ముందున్నారు. ఆ ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్‌ను కూడా మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు.

తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారి ఆత్మగౌరవానికి గుర్తు ఆ క్లబ్. దానికి తొమ్మిదేళ్ల తర్వాత లీగ్ తెచ్చిన కెప్టెన్ అమ్ముగూడవాడు. బెంగాలీ ఫుట్‌బాల్ అభిమానుల్లో పాతతరం వారికి 1961 అంటే ఇప్పటికీ బలరాం సంవత్సరమే.

1962 రోవర్స్ కప్ ఫైనల్‌కు మరో విశేషం ఉంది. కప్పును రెండు జట్లు పంచుకున్నాయి: ఒకటి ఈస్ట్ బెంగాల్, రెండోది ఆంధ్రప్రదేశ్ పోలీస్. బలరాం వెళ్లిన జట్టూ, ఆయన వదిలి వచ్చిన ఊరి జట్టూ సమానంగా నిలిచాయి. హైదరాబాద్ ఇంకా తగ్గలేదు అనడానికి అది ఒక సాక్ష్యం.

జకార్తా

1962 ఆసియా క్రీడలకు ముందు రహీం ఆరోగ్యం దెబ్బతింది. ఆయనకు క్యాన్సర్. అయినా జట్టును తీర్చిదిద్ది జకార్తాకు తీసుకెళ్లారు. కెప్టెన్ చునీ గోస్వామి. కుడి వైపు పి.కె., మధ్యలో చునీ, ఎడమ వైపు బలరాం. త్రిమూర్తులు అన్న పేరు స్థిరపడింది ఈ కూర్పుతోనే. హైదరాబాద్ నుంచి యూసుఫ్ ఖాన్, సికింద్రాబాద్‌కు చెందిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా జట్టులో ఉన్నారు.

తొలి పోటీలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 విజయాలు. ఈ రెండు పోటీల్లోనూ బలరాం గోల్స్ ఉన్నాయి. థాయిలాండ్ పోటీలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడలేని జర్నైల్‌ను రహీం సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో భారత్ ఫైనల్ చేరింది.

ఫైనల్ రోజుకు జకార్తా అంతా భారత్‌కు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆతిథ్య ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ తప్పుపట్టారు. దాంతో నగరంలో నిరసనలు చెలరేగాయి. సెప్టెంబర్ 4న సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది ఎగతాళి అరుపుల మధ్య మనవాళ్లు మైదానంలోకి దిగారు. ఎదురుగా తొలి పోటీలో ఓడించిన దక్షిణ కొరియానే. 17వ నిమిషంలో పి.కె., 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిరిగిచ్చింది. 2-1తో స్వర్ణం భారత్‌దే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు అదే చివరి స్వర్ణం.

అదే ఏడాదికి బలరాంకు అర్జున పురస్కారం వచ్చింది. 1961లో మొదలైన ఆ పురస్కారం అందుకున్న రెండో ఫుట్‌బాలర్ ఆయన. మొదటివారు పి.కె. బెనర్జీ.

27 ఏళ్లకే విరామం

1963 జూన్ 11న రహీం చనిపోయారు. అదే ఏడాది బలరాం ఈస్ట్ బెంగాల్‌ను వీడి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో, వాడుకలో బీఎన్ఆర్‌లో, చేరారు. రైల్వే ఉద్యోగం జీవితానికి ఆధారం. ఆటకు మాత్రం ఆ ఏడాదే చివరిది. ఆయనకు క్షయ సోకింది.

అప్పటికి క్షయకు మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఏర్పాటైన పరిశోధన కేంద్రం, రోగిని శానిటోరియంలో ఉంచకుండా ఇంట్లోనే మందులతో నయం చేయవచ్చని 1959లోనే నిరూపించింది. కానీ ఆ చికిత్స ఏడాది పాటు సాగేది. ప్రాణం దక్కేది. తొంభై నిమిషాలు పరుగెత్తే ఊపిరితిత్తులు తిరిగి వస్తాయన్న హామీ ఉండేది కాదు. ఫార్వర్డ్‌కు 27 ఏళ్లంటే శరీరం, తెలివి రెండూ సరిగ్గా కుదిరే వయసు. పి.కె. ఆ తర్వాత కూడా దేశానికి ఆడారు. చునీ 1964 ఆసియా కప్‌లో సారథ్యం వహించారు. ఆ జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఎడమ వైపు బలరాం ఉంటే అన్న మాట అప్పటి అభిమానుల నోట ఆగలేదు.

జబ్బు ఎవరి తప్పూ కాదు. కానీ వానలో, బురదలో, తడి గుడారాల్లో, క్లబ్ మెస్సు తిండితో ఏళ్ల తరబడి ఆడిన మనిషికి జబ్బు చేశాక దిక్కు ఏమిటన్న ప్రశ్న ఉంది. అమెచ్యూర్ అన్న ఒక్క మాటతో ఆ ప్రశ్న ఎవరి మెడకూ చుట్టుకోలేదు. ఆయన్ను నిలబెట్టింది రైల్వే ఉద్యోగం.

ఆట తర్వాత

బలరాం హైదరాబాద్‌కు తిరిగి రాలేదు. పెళ్లి చేసుకోలేదు. కోల్‌కతాకు ఉత్తరంగా, హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున ఉన్న ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డారు. జాతీయ జట్టు సెలక్టర్‌గా పనిచేశారు. కలకత్తా పిల్లల జట్టును స్వీడన్‌లో జరిగే గోథియా కప్‌కు తీర్చిదిద్దారు. పి.కె. దేశంలో పేరుమోసిన శిక్షకుడయ్యారు. చునీ క్రికెట్‌లోనూ బెంగాల్‌కు సారథ్యం వహించి, నగర ప్రముఖుల్లో ఒకరయ్యారు. బలరాం నది ఒడ్డున ఫ్లాట్‌లో ఒంటరిగా గడిపారు.

చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు ఏ పద్మ పురస్కారమూ రాలేదు. తనకు తగిన గుర్తింపు దక్కలేదన్న బాధను ఆయన దాచుకోలేదు. పత్రికలవాళ్లు అడిగినప్పుడల్లా సూటిగానే చెప్పేవారు. ఇందులో ఒక చిక్కు ఉంది. పద్మ పురస్కారాలకు ఎవరో ఒకరు పేరు సూచించి, పట్టుబట్టి వెంటపడాలి. బెంగాల్‌కు ఆయన బయటివాడు. ఆంధ్రప్రదేశ్‌కు ఎప్పుడో వెళ్లిపోయినవాడు. మా మనిషి అని గట్టిగా అడిగే ఊరు ఆయనకు లేకుండా పోయింది. వలస వెళ్లిన ప్రతిభకు తరచూ ఎదురయ్యే గతి ఇది.

2024లో రహీం జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. దాంతో కొత్త తరానికి జకార్తా కథ, ఆ జట్టులోని బలరాం పేరు తెలిశాయి. అప్పటికి ఆయన పోయి ఏడాది దాటింది.

హైదరాబాద్‌కు మిగిలింది

బలరాం వెళ్లిన దారిలోనే చాలామంది వెళ్లారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు సారథి సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. ఆ జట్టులోని మహమ్మద్ హబీబ్ కూడా అంతే. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో నిలిచినప్పుడు, ఒక గోల్ హబీబ్‌ది. ఆయన తమ్ముడు అక్బర్, ఆ తర్వాత షబ్బీర్ అలీ, అందరూ కలకత్తా మైదాన్‌లోనే పేరు తెచ్చుకున్నారు.

వీరిని పంపిన ఊరు మాత్రం క్రమంగా ఖాళీ అయింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఏ తెలుగు రాష్ట్రమూ దాన్ని ముట్టలేదు. రహీం పోయాక ఆయన స్థాయి గురువు రాలేదు. కంటోన్మెంట్ మైదానాలు తగ్గిపోయాయి. దేశంలో జాతీయ లీగ్ 1996లో గానీ మొదలుకాలేదు. అప్పటికి హైదరాబాద్‌లో దాన్ని అందుకోగల క్లబ్ లేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు నగరం కొన్నాళ్లు సంబరపడింది. కానీ ఆ క్లబ్ కొద్దికాలానికే ఆర్థిక ఇబ్బందుల్లో పడింది.

స్కాట్లాండ్ కూడా తన మేటి ఆటగాళ్లను ఇంగ్లండ్‌కు పంపింది. కానీ గ్లాస్గో, అబెర్డీన్, ఎడిన్‌బరోలలో క్లబ్బులు నిలిచే ఉన్నాయి. వెళ్లినవారి స్థానంలో కొత్తవారు వచ్చే ఏర్పాటు మిగిలింది. మనకు పోలీసు జట్టు, ఒక గురువు, కొన్ని మైదానాలు ఉండేవి. గురువు పోగానే మిగతావి నిలబడలేదు. కలకత్తా మన ఆటగాళ్లను తీసుకుపోయిందని నిందించడం తేలిక. అయితే అది పిలవకపోయి ఉంటే బలరాం ఆట రోమ్ దాకా, జకార్తా దాకా సాగేదా అన్నది అనుమానమే. వెళ్లినవారి స్థానాన్ని నింపే పని మాత్రం కలకత్తాది కాదు. అది మనది.

2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లోని గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. కేరళను 1-0తో ఓడించి బెంగాల్ 33వసారి కప్పు ఎత్తింది. 68 ఏళ్ల కిందట అదే కప్పును హైదరాబాద్ జట్టుతో గెలిచి, రెండేళ్లకే బెంగాల్ జట్టుతో మళ్లీ గెలిచిన ఆటగాడు పుట్టిన అమ్ముగూడ ఆ స్టేడియం ఉన్న నగరానికే అటు చివర ఉంది. ఈసారి ఫైనల్లో మన జట్టు లేదు.